ముందు బండి కరెంటు, వెనుక బండి దీపం

మోటారు వాహనంలో పుట్టే విద్యుత్తును దాని తయారీదారులు మొదటి నుంచీ ఆ వాహనం సొంత అవసరాలకే లెక్కగట్టారు. ఇంజను తిప్పడానికి ఇంత, దీపాలకు ఇంత, హారనుకు ఇంత అని కొలిచి, అంతకు సరిపడే యంత్రాన్నీ బ్యాటరీనీ అమర్చారు; వెనుక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇంట్లో వెలిగే బల్బు, తిరిగే ఫ్యాను, నీళ్లు తోడే చిన్న పంపు ఆ లెక్కలోకి రాలేదు. అమెరికాలో క్యాంపింగ్ ట్రైలర్ అని పిలిచే ఈ చక్రాల ఇల్లు, అంటే పడక, పొయ్యి, నీళ్ల తొట్టి ఉండి, సొంత ఇంజను లేక, కారో పికప్ ట్రక్కో లాగితేనే కదిలేది, దాదాపు నూరేళ్లుగా ముందు బండి విద్యుత్తులో మిగిలిన భాగం మీదనే ఆధారపడి ఉంది. ఆ మిగులును వెనక్కి చేరవేసే ఒక్క తీగ చరిత్రను పరిశీలిస్తే, కారు విద్యుత్ వ్యవస్థ మారిన ప్రతిసారీ ట్రైలర్ యజమాని చేసుకున్న పాత ఏర్పాటు పనికిరాకుండా పోవడం, అతడు మళ్లీ కొత్త ఉపాయం వెతుక్కోవడం కనిపిస్తుంది. ఈ వరుసలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం హైబ్రిడ్ కారుది: మామూలు పెట్రోలు కార్లు మోయనంత విద్యుత్తును మోసుకు తిరిగే ఆ బండి, వెనుక బండికి పంచే విషయంలో మాత్రం పాత కార్ల కన్నా పిసినారిగా తయారైంది.

బ్యాటరీ కారు కన్నా పాతది. ఫ్రాన్సులో గాస్తోఁ ప్లాంతే 1859లోనే సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల ఘటాన్ని తయారుచేశాడు. అయినా తొలినాటి పెట్రోలు కార్లలో చాలావాటికి బ్యాటరీ అవసరం పడలేదు. ఇంజనులో నిప్పురవ్వను పుట్టించడానికి మాగ్నెటో అనే చిన్న యంత్రం, రాత్రి దారి చూపడానికి ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు, ఇంజను తిప్పడానికి మనిషి చేతిలోని ఇనుప హ్యాండిలు సరిపోయాయి. ఆ హ్యాండిలు వెనక్కి తన్ని చేతులు విరగడం మామూలు విషయంగా ఉన్న రోజుల్లో, డేటన్ నగరంలో డెల్కో సంస్థను నెలకొల్పిన చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును క్యాడిలాక్ కంపెనీ 1912 కార్లలో అమర్చింది. ఆ తొలి ఏర్పాటులో ఒకే యంత్రం మోటారుగా ఇంజనును తిప్పి, ఇంజను అందుకున్నాక తానే డైనమోగా మారి బ్యాటరీని ఛార్జి చేసేది. తరువాతి కార్లలో ఈ రెండు పనులు రెండు యంత్రాలకు విడిపోయి, ఎనభై అయిదేళ్ల తరువాత హైబ్రిడ్ కారులో మళ్లీ ఒక్కటయ్యాయి. వాహన చరిత్రకారులు ఈ సంగతికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వలేదు.

సామాన్యుల కారైన ఫోర్డ్ మోడల్ టీకి విద్యుత్ స్టార్టరు 1919లో వచ్చింది. అదే ఏడు ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో, డి సోటో పార్కులో గుడారాలు వేసుకున్న కారు యాత్రికులు టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘంగా ఏర్పడ్డారు. వారి రాత్రులు కిరోసిన్ లాంతర్ల వెలుతురులోనే గడిచేవి గానీ, వారి కార్లలో అప్పటికే ఆరు వోల్టుల బ్యాటరీ కుదురుకుంటోంది. ఆ బ్యాటరీని నింపే డైనమో మొండి యంత్రం. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఏమీ ఇవ్వదు సరికదా, కటౌట్ అనే రిలే మధ్యలో లేకపోతే బ్యాటరీలో ఉన్నదాన్ని కూడా లాక్కుంటుంది. అది ఎంత కరెంటు ఇవ్వాలో తేల్చేది మూడో బ్రష్షు అనే కార్బన్ ముక్క స్థానం; దాన్ని చలికాలానికి ఒక చోటికి, వేసవి ప్రయాణాలకు మరో చోటికి జరుపుకోవలసి వచ్చేది. పగలంతా నడిస్తే బ్యాటరీ ఉడికి నీళ్లు ఆవిరయ్యేవి, పట్టణంలో ఆగి ఆగి తిరిగితే పూర్తిగా నిండేది కాదు. 1930లలో వోల్టేజి రెగ్యులేటరు వచ్చాకనే, బ్యాటరీ అడిగినంతే ఇచ్చి ఆగే తీరు అలవడింది.

కారు బ్యాటరీని కారు వెలుపలి పనికి వాడే అలవాటు ట్రైలర్లతోనే మొదలు కాలేదు. 1930ల నడుమ అమెరికా పల్లెల్లో పదిళ్లలో తొమ్మిదింటికి కరెంటు లేదు. రేడియో వినాలనుకున్న రైతు కారులోంచి బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవడం, మర్నాడు దాన్ని తిరిగి కారులో పెట్టి నింపుకోవడం ఆ కాలపు గృహస్థు ఆర్థికంలో భాగం. కనుక చక్రాల ఇల్లు వెనుక తగిలినప్పుడు, ముందు బండి బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి లోపల ఒకటో రెండో బల్బులు వెలిగించుకోవడం ఎవరికీ వింతగా తోచలేదు. డెట్రాయిట్ దగ్గర కవర్డ్ వ్యాగన్ కంపెనీ చెక్క చట్రాల ట్రైలర్లను వేల లెక్కన అమ్మడం, కాలిఫోర్నియాలో గ్లైడర్ల రూపశిల్పి హాలీ బౌలస్ 1934లో అల్యూమినియం రేకు ట్రైలరును తయారుచేయడం, ఆ బాటలో వాలీ బయామ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో క్లిప్పర్‌ను విడుదల చేయడం ఆ దశాబ్దపు ముఖ్య ఘటనలు. క్లిప్పర్ ధర 1,200 డాలర్లు, ఆనాటికి అది కొత్త కారు కన్నా ఎక్కువ. దాని ప్రకటనల్లో విద్యుద్దీపాలను ప్రత్యేకంగా చెప్పుకున్నారంటే, దీపం ఎంతటి విలాసమో అర్థమవుతుంది.

ట్రైలరుకు సొంత బ్యాటరీ తప్పనిసరి కావడానికి మొదటి కారణం సౌఖ్యం కాదు, బ్రేకు. బరువైన ట్రైలరును కారు బ్రేకులు మాత్రమే ఆపలేవు. అందుకని ట్రైలర్ చక్రాల్లో విద్యుదయస్కాంతం ఉంచి, ముందు బండి డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు దానికి కరెంటు పంపి, ఆ అయస్కాంతం డ్రమ్ముకు అతుక్కుని బ్రేకు లాగేలా చేసిన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. కొక్కెం ఊడి ట్రైలరు విడిపోతే కరెంటు కూడా తెగిపోతుంది కనుక, ఆ క్షణాన ఒక స్విచ్చు పిన్ను ఊడి ట్రైలర్ సొంత బ్యాటరీ నుంచే బ్రేకులు పట్టే ఏర్పాటు అవసరమైంది. ఆ బ్రేకులు కనీసం పదిహేను నిమిషాలు పట్టి ఉండాలని అమెరికా సమాఖ్య రవాణా నిబంధన చెబుతుంది. అందువల్ల ముందు బండి నుంచి వచ్చే ఛార్జింగ్ తీగకు దీపాల పని కన్నా గంభీరమైన బాధ్యత ఒకటి ఉంది: ఆ బ్యాటరీ ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడడం.

1950ల నడుమ అమెరికన్ కార్లు ఆరు వోల్టుల నుంచి పన్నెండు వోల్టులకు మారాయి. పెద్ద ఇంజన్లను తిప్పే స్టార్టర్ల కోసం జరిగిన ఈ మార్పు ట్రైలరుకు అడగని వరమైంది. అదే సామర్థ్యాన్ని రెట్టింపు వోల్టేజిలో పంపితే కరెంటు సగమవుతుంది, అదే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. 1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారులో డైనమోకు బదులు ఆల్టర్నేటర్‌ను పెట్టింది. ఏకాంతర విద్యుత్తును పుట్టించి, సిలికాన్ డయోడ్లతో ఏకముఖంగా మార్చే ఈ యంత్రం ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా చాలినంత ఇవ్వగలదు. చవకైన డయోడ్లు దొరికేదాకా అది కార్లలోకి రాలేకపోయింది. ఈ రెండు మార్పుల మధ్య కాలంలోనే, 1957 ప్రాంతంలో, ఎయిర్‌స్ట్రీమ్ ఇంటర్నేషనల్ అనే ట్రైలరును తెచ్చింది. బయటి కరెంటు, కుళాయి, మురుగు గొట్టం ఏవీ లేకుండా కొన్ని రోజులు గడపగల ఇల్లు అని దాని ప్రత్యేకత. వాలీ బయామ్ తన యాత్రికుల బృందాలను మెక్సికోకూ, 1959లో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా నిడివికీ నడిపించినవాడు కనుక, కరెంటు స్తంభం కనబడని చోట ఏమేమి కావాలో అతడికి అనుభవంలో తెలుసు.

అయితే ఆ తరువాతి ఇరవై ముప్ఫై ఏళ్లు ఛార్జింగ్ తీగ మెరుగుపడకుండా ఉండిపోవడానికి కారణం కూడా సౌకర్యమే. మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో 1962లో మొదలైన కేఓఏ వంటి సంస్థలు దేశమంతటా రుసుము తీసుకునే శిబిర స్థలాలు తెరిచి, ప్రతి స్థలానికీ ఒక విద్యుత్ సాకెట్ ఇచ్చాయి. సాయంత్రానికి అక్కడ చేరి కేబుల్ తగిలిస్తే ట్రైలర్లోని కన్వర్టరు 120 వోల్టులను పన్నెండు వోల్టులకు దించి, బ్యాటరీని తెల్లారేలోగా నింపేస్తుంది. ముందు బండి ఇచ్చే కరెంటు ఎంత అని ఎవరూ కొలవలేదు. జాతీయ అరణ్యాల్లోనో, ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ పరిసరాల్లోని ప్రభుత్వ భూముల్లోనో సాకెట్ లేకుండా గడిపేవారికే ఆ ప్రశ్న ఎదురైంది.

ఆ ప్రశ్నలో రెండు రకాల బ్యాటరీల తేడా ఇమిడి ఉంది. కారును స్టార్టు చేసే బ్యాటరీలో పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. అది కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు కుమ్మరించి వెంటనే తిరిగి నిండుతుంది, లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. ట్రైలరుకు కావలసింది గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చే మందపాటి పలకల బ్యాటరీ. కరెంటు కోతలకు అలవాటుపడిన తెలుగు ఇళ్లలో ఇన్వర్టరు కింద కూర్చునే ట్యూబులర్ బ్యాటరీ దానికి దగ్గరి చుట్టం. ఈ రెంటినీ ఒకే తీగతో శాశ్వతంగా కలిపితే, రాత్రి ట్రైలర్ దీపాలు కారు బ్యాటరీని కూడా తాగేసి పొద్దున ఇంజను తిరగదు. అందుకే మధ్యలో వేరుచేసే సాధనాలు వచ్చాయి. మొదట చేత్తో తిప్పే స్విచ్చు. దాన్ని తిప్పడం మరిచేవారి కోసం తాళంచెవి తిప్పినప్పుడే కలిసే సోలినాయిడ్ రిలే. ఆ తరువాత ఒకే దిశలో కరెంటు పోనిచ్చే డయోడ్ ఐసోలేటరు. డయోడ్ మరిచిపోదు గానీ, తన గుండా పోయే విద్యుత్తు నుంచి సుమారు 0.6 వోల్టులను సుంకంగా తీసుకుంటుంది.

ఈ సుంకం ఎంత ప్రాణాంతకమో తెలియాలంటే తీగ లెక్క చూడాలి. అమెరికాలో ట్రైలర్లకు స్థిరపడిన ఏడు పిన్నుల ప్లగ్గులో ఎడమ మలుపు, కుడి మలుపు, వెనుక దీపాలు, రివర్సు దీపం, బ్రేకు, నేల తీగ పోగా మిగిలిన ఒక్క పిన్ను ఛార్జింగుకు దక్కింది. ముందు భాగంలోని ఆల్టర్నేటరు నుంచి ట్రైలర్ మూతి మీది బ్యాటరీ దాకా, వెళ్లి తిరిగి వచ్చే దారి కలిపితే, సుమారు 18 మీటర్లు. సాధారణంగా వాడే పదో నంబరు రాగి తీగలో ఆ దూరానికి నిరోధం దాదాపు 0.06 ఓములు. 20 ఆంపియర్లు ప్రవహిస్తే 1.2 వోల్టులు తీగలోనే కరిగిపోతాయి. ఆల్టర్నేటరు 14.2 వోల్టులు ఇస్తే అవతల 13 మిగులుతుంది, డయోడ్ ఉంటే 12.4, సీసపు బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14.4 దాకా కావాలి, నిండి విశ్రాంతిగా ఉన్న బ్యాటరీయే 12.6 పైన నిలుస్తుంది. అంటే ఇరవై ఆంపియర్లు అసలు ప్రవహించవు. కరెంటు తనంతట తానే తగ్గి అయిదో ఎనిమిదో దగ్గర కుదురుకుంటుంది. చలి రాత్రి గ్యాసు హీటరులోని ఫ్యానూ, దీపాలూ, పంపూ కలిసి నలభై ఆంపియర్-గంటలు వాడితే, మర్నాడు నాలుగు గంటల ప్రయాణంలో అది పూర్తిగా తిరిగి రాదు. పైగా స్వీడన్‌లో 1920లలో రూపొందిన, గ్యాసుతోనూ కరెంటుతోనూ పనిచేసే అబ్జార్ప్షన్ ఫ్రిజ్‌ను దారిలో పన్నెండు వోల్టుల మీద నడిపితే, అది ఒక్కటే 12 నుంచి 15 ఆంపియర్లు కోరుతుంది. అప్పుడు బ్యాటరీ ప్రయాణంలో నిండకపోగా తరుగుతుంది. కారు నడిస్తే బ్యాటరీ నిండుతుందని ట్రైలర్ యజమానుల్లో పాతుకుపోయిన నమ్మకానికి ఈ లెక్కలో ఆధారం బహు స్వల్పం. ఆ నమ్మకం నిలబడింది సాయంత్రం సాకెట్ వల్లనే.

ఈ స్థితిలో హైబ్రిడ్ కారు వచ్చింది. పెట్రోలు ఇంజనునూ విద్యుత్ మోటారునూ కలిపి వాడే ఊహ కొత్తది కాదు. ఫెర్డినాండ్ పోర్షె 1900 ప్రాంతంలోనే వియన్నాలో అటువంటి బండిని నడిపి చూపాడు. లక్షల సంఖ్యలో జనం చేతికి అందిన మొదటి హైబ్రిడ్ మాత్రం టొయోటా 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసిన ప్రియస్. 2000లో అమెరికాకు చేరిన ఈ కారులో ఆల్టర్నేటరు లేదు, విడిగా స్టార్టరు మోటారూ లేదు. రెండు పెద్ద మోటారు-జనరేటర్లు ఆ పనులన్నీ చేస్తాయి, వాటికి వెనుక నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటాల అధిక వోల్టేజి బ్యాటరీ ఉంటుంది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లో 168 ఘటాలు వరుసగా కలిసి 201.6 వోల్టులు ఇస్తాయి. అయినా దీపాలు, స్టీరింగు, కంప్యూటర్లు పన్నెండు వోల్టులవే కనుక, ఆ పెద్ద వోల్టేజిని చిన్నదిగా దించే డీసీ-డీసీ కన్వర్టరు అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఆల్టర్నేటరు స్థానాన్ని ఆక్రమించింది. దాని శక్తి సుమారు వంద ఆంపియర్ల స్థాయిది, ఇది ఒక మోస్తరు ఆల్టర్నేటరుకు తీసిపోదు. మారింది పన్నెండు వోల్టుల బ్యాటరీ. ఇంజనును తిప్పే భారం తప్పింది కనుక దాన్ని చిన్నది చేశారు. కంప్యూటర్లను మేల్కొలిపి, అధిక వోల్టేజి బ్యాటరీని కలిపే రిలేలను మూయడం ఒక్కటే దాని పని. అంత చిన్న పని చేసే బ్యాటరీ ఖాళీ అయితే, వెనుక ఎంత పెద్ద నిల్వ నిండుగా ఉన్నా కారు లేవదు. ట్రైలరు దీపం తాగే రెండు ఆంపియర్లు పాత ట్రక్కుకు లెక్కలోనివి కావు, ఈ కారును మాత్రం ఒక్క రాత్రిలో నిలబెట్టేయగలవు.

తొలి హైబ్రిడ్లు లాగడానికి పుట్టినవి కావు. అమెరికాలో ప్రియస్‌తో ట్రైలర్ లాగడాన్ని టొయోటా సిఫారసు చేయలేదు. 2004లో వచ్చిన ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్‌కు వెయ్యి పౌండ్లు, అంటే సుమారు 450 కిలోలు లాగే అనుమతి ఉంది. మరుసటి ఏడు టొయోటా హైలాండర్ హైబ్రిడ్ నాలుగు చక్రాలను నడిపే రకంలో 3,500 పౌండ్లకు, అంటే దాదాపు 1,590 కిలోలకు చేరింది. ఈ హద్దుల్లో ఒదిగేవి 1930లలో పుట్టి మళ్లీ వాడుకలోకి వచ్చిన కన్నీటి చుక్క ఆకారపు ట్రైలర్లు, ఇద్దరు పడుకోగలిగి వెనుక తలుపు ఎత్తితే వంటగట్టు కనిపించేవి. లాగే అనుమతి ఉన్నంత మాత్రాన ఛార్జింగ్ పిన్ను ఉంటుందని కాదు. ఇటువంటి కార్లలో చాలావాటికి కొక్కెంతోపాటు దొరికే నాలుగు తీగల ప్లగ్గు దీపాలకు మాత్రమే. బ్యాటరీకి తీగ కావాలంటే యజమాని సొంతంగా లాగించుకోవలసిందే, వారంటీ మాట వచ్చినప్పుడు సమాధానం కూడా తానే చెప్పుకోవలసిందే. ప్రియస్ వంటి కార్లలో పన్నెండు వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉండడం ఒక్కటే ఇక్కడ కలిసి వచ్చిన అంశం: ముందు నుంచి అక్కడిదాకా కంపెనీయే లావు తీగ లాగి ఉంచింది గనుక కొక్కెం దాకా మిగిలేది ఒకటి రెండు మీటర్లే.

పాత రిలేలు కూడా ఇక్కడ తడబడ్డాయి. వోల్టేజిని చూసి పనిచేసే రిలే 13.3 వోల్టులు దాటితే ఇంజను నడుస్తోందని అనుకుని కలుస్తుంది, 12.8 కిందికి దిగితే ఆగిందనుకుని విడిపోతుంది. హైబ్రిడ్లో ఇంజను ఆగి ఉన్నా కన్వర్టరు పనిచేస్తూనే ఉంటుంది. ఇంధనం ఆదా కోసం అది వోల్టేజిని ఒక్కోసారి తగ్గిస్తుంది కూడా. ఈ చంచలత్వం హైబ్రిడ్లకే పరిమితం కాదు. 2007 ప్రాంతంలో బీఎమ్‌డబ్ల్యూ మొదలుపెట్టిన, యూరప్ కాలుష్య నిబంధనలు బిగిసే కొద్దీ తక్కిన కంపెనీలూ అనుసరించిన స్మార్ట్ ఆల్టర్నేటరు, బ్రేకు వేసినప్పుడు 15 వోల్టుల దాకా పెంచి, వేగం పుంజుకునేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వకుండా మానుకుంటుంది. పైగా ఇటువంటి కార్లలో బ్యాటరీ రుణ ధ్రువం దగ్గర ఒక సెన్సరు కూర్చుని ఎంత కరెంటు పోయింది, ఎంత వచ్చింది అని లెక్క రాస్తుంది. ట్రైలర్ నేల తీగను సెన్సరుకు అవతల, తిన్నగా బ్యాటరీ ధ్రువానికే బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. కారు చట్రానికి బిగిస్తే తప్పదు. పాత మెకానిక్కులు మంచి పద్ధతి అని నేర్పినదే, అంటే అన్ని తీగలూ సూటిగా బ్యాటరీకి తేవడం, కొత్త కారులో దోషంగా మారడం గమనించదగ్గ సంగతి.

పరిష్కారం ఎక్కువగా ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల వైపు నుంచి రూపుదిద్దుకుంది. వేల కిలోమీటర్ల ఎర్రమట్టి దారుల్లో ఫ్రిజ్‌తో తిరిగే ఆస్ట్రేలియన్లకు సాయంత్రం సాకెట్ దొరుకుతుందన్న భరోసా లేదు. రెడార్క్ వంటి అక్కడి సంస్థలు, తీగ ఎంత వోల్టేజి తెచ్చినా దాన్ని పెంచి బ్యాటరీకి కావలసిన 14.4 వోల్టుల వద్ద అందించే డీసీ-డీసీ ఛార్జర్లను తయారుచేశాయి. దీన్ని కారులోని కన్వర్టరుతో కలగలిపి అర్థం చేసుకోకూడదు. అది పెద్ద వోల్టేజిని దించేది, ఇది దిగిపోయిన దాన్ని కాస్త ఎత్తేది. ఇరవై ఆంపియర్ల ఛార్జరు బ్యాటరీకి సుమారు 290 వాట్లు ఇస్తుంది. తనలో కలిగే నష్టంతో కలిపి అది ముందు బండి నుంచి పాతిక ఆంపియర్లకు పైగా లాగుతుంది, తీగ సన్నగా ఉంటే ఇంకా ఎక్కువ. ఏడు పిన్నుల ప్లగ్గులోని ఛార్జింగ్ తీగకు మామూలుగా పెట్టే ఫ్యూజు 30 ఆంపియర్లది కనుక, అంతకు మించిన ఛార్జరు కావాలంటే విడిగా లావు తీగ వేయక తప్పదు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం 1990లలో వెలికితీసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థంతో చేసిన బ్యాటరీలు ట్రైలర్లలో చేరాక ఈ ఛార్జరు ఐచ్ఛికం నుంచి దాదాపు అనివార్యమైంది. ఆ బ్యాటరీ నిండితే 13.3 వోల్టుల పైన నిలుస్తుంది. రెండింటినీ నేరుగా కలిపితే కారు ఆగిన వెంటనే ట్రైలర్ బ్యాటరీయే కారు బ్యాటరీ లోకి కారిపోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అడ్డులేకుండా లాగి తీగనూ ఫ్యూజునూ వేడెక్కిస్తుంది. ఛార్జరు రెండు దోషాలనూ అరికడుతుంది.

ఈ ఛార్జరు బిగించిన తరువాత హైబ్రిడ్ అసలు బలం బయటపడింది. మామూలు ట్రక్కు శిబిరంలో ట్రైలరును నింపాలంటే ఇంజను గంటల తరబడి వృథాగా తిరగాలి. హైబ్రిడ్ కారును రెడీ స్థితిలో ఉంచితే ఇంజను ఆగే ఉంటుంది. కన్వర్టరు పెద్ద బ్యాటరీ నుంచి నిశ్శబ్దంగా ఇస్తుంది, పెద్ద బ్యాటరీ ఒక హద్దు కిందికి దిగినప్పుడు ఇంజను తనంతట తాను లేచి, కొన్ని నిమిషాలు తిరిగి, దాన్ని నింపి మళ్లీ ఆగుతుంది. మూడు వందల వాట్ల చిన్న భారానికి ఇంత పొదుపైన జనరేటరు ఆ యజమానుల్లో చాలామంది వద్ద మరొకటి లేదు. కారు కంపెనీలు ఈ వాడకాన్ని ఊహించి కన్వర్టరు పెట్టలేదు. యజమానులే కనిపెట్టి వాడుకున్నారు.

కంపెనీలు ఊహించినది వేరే దారిలో వచ్చింది. 2001లో జపాన్‌లో విడుదలైన టొయోటా ఎస్టిమా హైబ్రిడ్ వ్యానులో ఇంటి సాకెట్ వంటిదే ఉండి 1,500 వాట్లు ఇచ్చేది; 2011 మార్చి భూకంపం, సునామీ తరువాత కరెంటు పోయిన ప్రాంతాల్లో ఆ సాకెట్లు అక్కరకు వచ్చాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ 2004 ప్రాంతంలో అమ్మిన షెవ్రొలే సిల్వరాడో హైబ్రిడ్ ట్రక్కు ఇంధనం ఆదా చేసింది కొంచెమే గానీ, దానికి ఉన్న 120 వోల్టుల సాకెట్లు కట్టడపు పనివారికి నచ్చాయి. ఫోర్డ్ 2021 మోడల్‌గా తెచ్చిన ఎఫ్-150 పవర్‌బూస్ట్ హైబ్రిడ్ ఈ ఊహను పూర్తి చేసింది: 12,700 పౌండ్లు, అంటే 5,700 కిలోలకు పైగా లాగగల ఈ ట్రక్కు వెనుక తొట్టిలో 2.4 కిలోవాట్ల సాకెట్లు మామూలుగానే వస్తాయి, అదనపు ధరకు 7.2 కిలోవాట్లు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను టెక్సాస్ విద్యుత్ వ్యవస్థను కూల్చినప్పుడు, అక్కడి డీలర్లు తమ దగ్గరున్న ఈ ట్రక్కులను ఇళ్లకు కరెంటు కోసం అరువివ్వాలని ఫోర్డ్ కోరింది. ట్రైలర్ యజమానికి దీని అర్థం సూటిగా ఉంటుంది: శిబిర స్థలంలో సాకెట్‌కు తగిలించే కేబులునే ట్రక్కు తొట్టికి తగిలిస్తాడు, ట్రైలరు తాను కేఓఏలో ఉన్నాననుకుని నిండుతుంది. అధిక వోల్టేజి ఏకముఖ విద్యుత్తు మొదట ఏకాంతరమై, తిరిగి పన్నెండు వోల్టుల ఏకముఖమై బ్యాటరీని చేరడం దారిమళ్లింపే అయినా, 120 వోల్టుల వద్ద తీగ నష్టం లెక్కలోకి రాదు కనుక మొత్తం మీద పాత ఛార్జింగ్ పిన్ను కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుంది. అది నిలిచి ఉన్నప్పటి మాట. దారిలో ఉన్నంతసేపూ పాత పిన్నే గతి.

పవర్‌బూస్ట్ ట్రక్కులోని పెద్ద బ్యాటరీ నిల్వ 1.5 కిలోవాట్-గంటలు మాత్రమే. వంద ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ ఒక్కటి 1.28 కిలోవాట్-గంటలు నిల్వ చేస్తుంది కనుక, అటువంటివి రెండు పెట్టుకున్న ట్రైలరు తనను లాగే హైబ్రిడ్ కన్నా ఎక్కువ విద్యుత్తు మోస్తోందన్న మాట. ఈ తారుమారు ఇక్కడితో ఆగలేదు. 2022 జనవరిలో ఎయిర్‌స్ట్రీమ్ మాతృసంస్థ థోర్, చక్రాలకు సొంత మోటార్లూ నేల కింద పెద్ద బ్యాటరీలూ ఉన్న ఈస్ట్రీమ్ అనే నమూనాను ప్రదర్శించింది. 2023లో లైట్‌షిప్ అనే కొత్త సంస్థ 80 కిలోవాట్-గంటల దాకా నిల్వ చేయగల ట్రైలరును ప్రకటించింది. ఇవి కొక్కెం మీద పడే లాగుడు బలాన్ని కొలిచి, ముందు బండికి భారం తెలియనంతగా తమ చక్రాలను తామే తిప్పుకుంటాయి, పల్లంలో దిగేటప్పుడు మోటార్లను జనరేటర్లుగా మార్చి తమ బ్యాటరీని తామే నింపుకుంటాయి. ముందు బండి నుంచి వీటికి కావలసింది వెనుక దీపాల, మలుపు దీపాల, బ్రేకు సంకేతాలే. ఏడు పిన్నుల ప్లగ్గులో ఛార్జింగ్ పిన్ను మాత్రం ఇంకా తన చోట తాను ఉంది.